బ్రెజిల్‌లో ‘నంబర్ వన్’ పాట: ఎవరు కొలిచారు, దేన్ని కొలిచారు?

బ్రెజిల్ జనాదరణ సంగీతంలో ఏ ఏడాది ఏ పాట మొదటి స్థానంలో నిలిచిందో చెప్పే జాబితాలు ఇంటర్నెట్‌లో కొల్లలుగా దొరుకుతాయి. 1917 అన్నా, 1947 అన్నా, 1978 అన్నా ఒక పాట పేరు ఠక్కున చెబుతాయి. ఆ లెక్క ఎవరు తీశారు, ఏ ఊళ్లలో తీశారు, అమ్ముడైన రికార్డులను లెక్కపెట్టారా, రేడియోలో మోగిన సార్లనా అన్నది మాత్రం చాలా జాబితాలు చెప్పవు. అమెరికా ‘బిల్‌బోర్డ్’ తరహాలో వంద పాటల వరుసను ప్రకటించే చార్టు బ్రెజిల్‌లో మొదలైంది 2009 అక్టోబరులో, ‘బిల్‌బోర్డ్ బ్రెజిల్’ పత్రికతో. అంతకు ముందు తొమ్మిది దశాబ్దాల పాటల చరిత్రకు మనకున్నవి వేర్వేరు అవసరాల కోసం వేర్వేరు మనుషులు తీసిన లెక్కలు.

ఆ లెక్కల స్వభావాన్ని పరిశీలించడం ఈ వ్యాసం పని. ఇందులోని వాదన పరిమితమైనది. చార్టులు అబద్ధాలని చెప్పడం లేదు. చార్టులో మొదటి స్థానం అనేది శ్రోతల ఇష్టమూ దాన్ని కొలిచిన సాధనమూ కలిసి పుట్టించిన ఫలితమని, సాధనం మారినప్పుడల్లా పైకి తేలే పాటలు కూడా మారాయని, అందువల్ల చార్టు మారినంత మాత్రాన జనం అభిరుచి మారిందని తీర్మానించడం తొందరపాటని మాత్రమే చెబుతోంది.

లెక్కలు లేని తొలి రోజులు

రియో డి జనీరోలో ఫ్రెడ్ ఫిగ్నర్ నడిపిన కాసా ఎడిసన్ సంస్థ 1902లో బ్రెజిల్ పాటల రికార్డులను అమ్మకానికి తెచ్చింది. పదిహేనేళ్ల తర్వాత, 1917 కార్నివాల్‌లో నగరమంతా పాడుకున్న పాట ‘పెలో టెలిఫోని’. డోంగాగా పేరుపడ్డ ఎర్నెస్తో దోస్ సాంతోస్ 1916 నవంబరులో దాన్ని జాతీయ గ్రంథాలయంలో తన పేర నమోదు చేయించాడు. గాయకుడు బయానో గొంతుతో ఓడియన్ ముద్ర మీద రికార్డు వచ్చింది. దీన్ని తొలి సాంబా రికార్డు అనడం పరిపాటి. అంతకు ముందే లేబుల్ మీద సాంబా అని వేసిన రికార్డులు ఉన్నట్టు పరిశోధకులు చూపించారు. కాబట్టి పెద్ద విజయం సాధించిన తొలి సాంబా అనడం భద్రం.

ఆ విజయానికి ఆధారం అమ్మకాల పట్టిక కాదు. పత్రికల్లో ప్రస్తావనలు, పేరడీలు, అన్నిటినీ మించి ఒక తగాదా. బహియా నుంచి వచ్చి రియోలో స్థిరపడిన టియా సియాటా ఇంట్లో పాటల కూటాలు జరిగేవి. అక్కడ నలుగురూ కలిసి అల్లిన పాటను డోంగా ఒక్కడే తనదిగా రాయించుకున్నాడని తోటివారు అప్పుడే ఆక్షేపించారు. ఎవరూ పట్టించుకోని పాట కోసం హక్కుదారులు కొట్టుకోరు. ఆ లెక్కన తగాదా కూడా ఆదరణకు పరోక్ష సాక్ష్యమే. అయితే అది రియో నగరపు సాక్ష్యం. అమెజాన్ తీరంలోనో, దక్షిణాది పశువుల మేతభూముల్లోనో ఆ ఏడు జనం ఏం పాడుకున్నారో అది చెప్పదు.

రేడియో వచ్చాక పరిధి పెరిగింది. 1932లో వాణిజ్య ప్రకటనలకు అనుమతి దొరకడంతో స్టేషన్లకు ఆదాయం, దాంతో గాయకులకు జీతాలు వచ్చాయి. 1936లో మొదలైన రేడియో నేషనల్‌ను 1940లో అధ్యక్షుడు వర్గాస్ ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. రియో నుంచి వెలువడే పాట మారుమూలలకూ చేరింది. ఈశాన్యాన పెర్నంబుకో రాష్ట్రం నుంచి వచ్చిన లూయిజ్ గొంజాగా 1947లో రికార్డు చేసిన ‘ఆసా బ్రాంకా’ అనావృష్టికి ఊరు విడిచిన మనిషి పాట. బతుకుదెరువుకు పెద్ద నగరాలకు తరలిన ఈశాన్య ప్రాంతీయులకు అది తమ గొంతులా వినిపించింది. 1942లో సావో పాలోలో పుట్టిన ఇబోపి సంస్థ శ్రోతల సర్వేలు మొదలుపెట్టింది. కానీ ఆ సర్వేలకు ముందుగా కావలసింది ఏ స్టేషన్‌ను ఎంతమంది వింటున్నారన్నది. ప్రకటనకర్తలకు పనికొచ్చే సమాచారం అదే. ఏ పాట ఎక్కువ విన్నారన్న ప్రశ్న ఆ తర్వాతిది.

ఈ కాలానికి నేటి పరిశోధకులు ఎక్కువగా ఆధారపడేది జైరో సెవెరియానో, జుజా ఓమెమ్ డి మెల్లో కలిసి రాసిన ‘అ కన్సావ్ నో తెంపో’ రెండు సంపుటాలు. 1901 నుంచి 1985 వరకు ఏడాదివారీగా విజయవంతమైన పాటలను అందులో వివరించారు. పత్రికలు, రికార్డులు, జ్ఞాపకాలు, సంగీత పరిజ్ఞానం కలిపి ఇద్దరు నిపుణులు చేసిన ఎంపిక అది. దాన్ని చార్టుగా చదవకూడదు. ఫలానా పాట ఆ ఏడాది విజయాల్లో ఒకటి అనడానికి అది గట్టి ఆధారం. మొదటిదా రెండోదా అనే తీర్పుకు కాదు.

కొనుక్కున్న ఓట్లు, కూడబలుక్కున్న ఫలితాలు

ఆదరణను అంకెల్లో పెట్టాలన్న ఉబలాటం 1940ల చివరికి బాగా ముదిరింది. ‘రేడియో రాణి’ పోటీల్లో అభిమానులు ఓటు కూపన్లను డబ్బిచ్చి కొనాలి. వచ్చిన సొమ్ము రేడియో కళాకారుల ఆసుపత్రికి అన్నారు. 1949లో గాయని ఎమిలిన్యా బోర్బా గెలుస్తుందని అందరూ అనుకుంటుండగా మార్లెన్ గెలిచింది. ఆమె వెనక అంతార్తికా శీతల పానీయాల కంపెనీ నిలబడి ఓట్లు కొన్నది. ఎమిలిన్యాకు కిరీటం దక్కింది 1953లో. ఇక్కడ ఓట్ల సంఖ్య నిజం, కట్టిన డబ్బు నిజం. అయినా ఆ సంఖ్య చూపించింది ఎంతమంది ఇష్టపడ్డారన్నది కాదు, ఎవరి వైపు ఎంత డబ్బు నిలిచిందన్నది.

1960ల టీవీ పాటల పోటీలకు గౌరవం ఎక్కువ. ఎంపీబీ అని పొట్టిగా పిలుచుకునే ఆధునిక బ్రెజిల్ పాటకు అవే పుట్టిల్లని చరిత్ర చెబుతుంది. 1966 టీవీ రెకార్డ్ పోటీలో షికో బువార్క్ రాసిన ‘అ బాండా’, జెరాల్డో వాంద్రే, తేవో డి బారోస్‌ల ‘డిస్పరాడా’ సమాన విజేతలుగా ప్రకటితమయ్యాయి. ఆ పోటీల్లో సౌండ్ ఇంజినీరుగా పనిచేసిన జుజా ఓమెమ్ డి మెల్లో 2003లో తన ‘అ ఎరా దోస్ ఫెస్టివైస్’ పుస్తకంలో అసలు సంగతి బయటపెట్టారు. న్యాయనిర్ణేతల ఓట్లలో ‘అ బాండా’కు 7, ‘డిస్పరాడా’కు 5 వచ్చాయి. ఒక్కడినే గెలిపిస్తే బహుమతి తీసుకోనని షికో పట్టుబట్టడంతో సమానం చేశారు. అధికారిక ఫలితమే ఓట్ల కాగితాలతో సరిపోలని ఉదాహరణ ఇది.

1968 అంతర్జాతీయ పాటల పోటీలో న్యాయనిర్ణేతలు టామ్ జోబిమ్, షికోల ‘సబియా’కు మొదటి బహుమతి ఇచ్చారు. మరకనాజిన్యో ఇండోర్ స్టేడియంలో కిక్కిరిసిన జనం కేకలు వేసి నిరసించారు. వారికి కావలసింది రెండో స్థానంలో నిలిచిన వాంద్రే పాట. సైనిక పాలనను ధిక్కరిస్తున్నట్టు వినిపించిన ఆ పాటను తర్వాత నిషేధించారు. 1970లో షికో విడుదల చేసిన ‘అపెజార్ డి వోసె’ చిన్న రికార్డు మొదట సెన్సారు కళ్లు తప్పించుకుంది. లక్ష ప్రతుల వరకు అమ్ముడైందని చెబుతారు. 1971లో నిషేధం పడింది. ఫ్యాక్టరీలోని ప్రతులను సైనికులు ధ్వంసం చేశారు. 1978లో గాని ఆ పాట మళ్లీ బజారుకు రాలేదు.

నిషేధం చార్టు చదివేవారికి ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. అమ్మకాలు ఆగిన చోట ఆదరణ కూడా ఆగిందని అంకెలు చెబుతాయి. నిజానికి ఆగింది సరఫరా. సైనిక పాలన సాగిన 1964–85 మధ్య కాలపు ఏ జాబితాను చూసినా ఈ తేడా గుర్తుంచుకోవాలి.

దుకాణం బల్ల దగ్గర దొరికిన నిజం

1960ల మధ్య నుంచి కాస్త క్రమబద్ధమైన లెక్కలు మొదలయ్యాయి. నెల్సన్ ఒలివేరా పేరుతో నడిచిన నోపెమ్ అనే మార్కెట్ పరిశోధన సంస్థ రియో, సావో పాలో రికార్డు దుకాణాల్లో సమాచారం సేకరించి రికార్డు కంపెనీలకు ఇచ్చేది. ఇబోపి అమ్మకాల సర్వేలు కూడా ఉన్నాయి. ఆ సంస్థ పాత కాగితాలు ఇప్పుడు కంపీనాస్ విశ్వవిద్యాలయంలోని ఎడ్గార్డ్ లొయెన్‌రోత్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. పరిశోధకుడు ఎడువార్డో విసెంతి 1965–1999 మధ్య నోపెమ్ జాబితాలను సంగీత రకాలవారీగా విడదీసి విశ్లేషించారు. ఈ రంగంలో అంకెల ఆధారంగా జరిగిన పనుల్లో ముఖ్యమైనది అదే. ఆ సమాచారం రెండు మహానగరాలకే పరిమితమన్న సంగతి మాత్రం మరిచిపోకూడదు. సాల్వడార్‌లో, రెసీఫిలో, బెలెమ్‌లో ఏం అమ్ముడైందో ఆ పట్టికలకు తెలియదు.

అంత పరిమితిలోనూ ఆ లెక్కలు ఒక పెద్ద అపోహను సవరించాయి. 1960లు, 70ల బ్రెజిల్ పాట అనగానే ప్రపంచానికి గుర్తొచ్చేది బోసా నోవా, తర్వాత ఎంపీబీ. జోవావ్ జిల్బెర్తో 1958లో పాడిన ‘షెగా డి సౌదాది’ సంగీతపు దిశ మార్చిందనడంలో సందేహం లేదు. కానీ దుకాణాల్లో ఏలినవాడు రొబెర్తో కార్లోస్. 1965లో ‘జోవెమ్ గ్వార్దా’ టీవీ కార్యక్రమంతో, అదే ఏడాది చివర్లో వచ్చిన ‘కెరో కి వా తూదో ప్రో ఇన్‌ఫెర్నో’ పాటతో కుర్రకారును ఊపేసిన ఈయన, తర్వాత ప్రేమ పాటల గాయకుడిగా మారి ఏటేటా అమ్మకాల్లో ముందు వరుసలో నిలిచాడు. 1974 నుంచి టీవీ గ్లోబోలో ఏడాది చివర ఆయన ప్రత్యేక కార్యక్రమం రావడం ఆచారమైంది. 1967 జులైలో సావో పాలో వీధుల్లో ఇలాంటి పాటల్లో మోగే ఎలక్ట్రిక్ గిటారుకు వ్యతిరేకంగా ఊరేగింపు తీసినవారు కొట్టాలనుకున్నది ఈ అమ్మకాల బలాన్నే అన్న వ్యాఖ్యానం ఉంది. అది సమంజసంగానే తోస్తుంది.

మరో వర్గం గాయకులది ఇంకా చిత్రమైన కథ. వాల్డిక్ సోరియానో, ఓడైర్ జోజె వంటివారిని నగర మేధావులు నాటు పాటగాళ్లని చిన్నచూపు చూశారు. ఇంటిపనివారు, కూలీలు, వలస వచ్చినవారు వారి రికార్డులు కొన్నారు. పావులో సెజర్ డి అరావుజో 2002లో ప్రచురించిన పుస్తకంలో ఈ గాయకుల పాటలూ సైనిక ప్రభుత్వ సెన్సారుకు గురయ్యాయని పత్రాలతో చూపించారు. గర్భనిరోధక మాత్రలు మానెయ్యమని ప్రియురాలిని వేడుకునే ఓడైర్ జోజె 1973 పాట నిషేధానికి గురైంది. చరిత్ర పుస్తకాలు దాదాపు విడిచిపెట్టిన ఈ గాయకులను తిరిగి వెలుగులోకి తేవడంలో అమ్మకాల సమాచారం పాత్ర తక్కువేం కాదు. చార్టు చదవడంలో జాగ్రత్త కావాలని చెబుతున్న ఈ వ్యాసం చార్టుకు దక్కాల్సిన గౌరవాన్ని కూడా ఇక్కడ నమోదు చేయాలి. మేధావుల జ్ఞాపకం దాచిపెట్టినదాన్ని దుకాణం లెక్క బయటపెట్టింది.

అయితే దుకాణం లెక్కకు తనదైన వక్రత ఉంది. అది లెక్కించింది పాటను కాదు, రికార్డును. గ్లోబో సంస్థ 1969లో స్థాపించిన సోమ్ లివ్రి కంపెనీ టీవీ సీరియళ్ల పాటలను లాంగ్‌ప్లే రికార్డులుగా తెచ్చింది. 1971లో ‘ఓ కఫోనా’తో మొదలైన ఈ వరుస 1970ల చివరికి మార్కెట్‌ను శాసించే స్థాయికి చేరింది. ఒక్కో సీరియల్‌కు దేశీయ పాటలతో ఒకటి, విదేశీ పాటలతో ఒకటి వచ్చేవి. 1978లో ‘డాన్సిన్ డేస్’ సీరియల్, అస్ ఫ్రెనేతికాస్ బృందం పాడిన దాని శీర్షిక గీతం డిస్కో జోరును ఇంటింటికీ చేర్చాయి. పది పన్నెండు మంది గాయకులున్న రికార్డు ఎక్కువగా అమ్ముడైతే అందులో ఏ పాటకు ఎంత వాటా ఇవ్వాలి? జవాబు లేదు. రోజూ రాత్రి టీవీలో వినిపించే పాటను జనం ఇష్టపడి కొన్నారా, వినీ వినీ కొన్నారా అన్నదానికీ ఆ లెక్కలో జవాబు లేదు.

దేశీయం, విదేశీయం అన్న విభజన కూడా అంత నమ్మదగింది కాదు. 1970ల్లో కొందరు బ్రెజిల్ గాయకులు ఇంగ్లిష్ పేర్లు పెట్టుకుని ఇంగ్లిష్‌లో పాడారు. మోరిస్ ఆల్బర్ట్ అసలు పేరు మవురిసియో అల్బెర్తో కైజర్‌మన్. ఆయన పాట ‘ఫీలింగ్స్’ 1975లో అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100లో 6వ స్థానానికి చేరింది. ఆ బాణీ ఫ్రెంచ్ స్వరకర్త లులు గాస్తే పాత పాటదేనని అమెరికా న్యాయస్థానం తర్వాత తేల్చింది. పాడింది బ్రెజిల్‌వాడు, భాష ఇంగ్లిష్, బాణీ ఫ్రాన్సుది. దీన్ని ఏ గడిలో వేయాలి?

ఇక బంగారు డిస్కుల సంగతి. రికార్డు కంపెనీల సంఘం 1990ల్లో లక్ష ప్రతులు అమ్ముడైతే బంగారు డిస్కు ఇచ్చేది. నకిలీ సీడీలు, ఆ తర్వాత ఇంటర్నెట్ అమ్మకాలను కుంగదీయడంతో ఆ గీతను 2004లో 50 వేలకు, 2010లో దేశీయ కళాకారులకు 40 వేలకు దించారు. రెండు కాలాల బంగారు డిస్కులను పక్కపక్కన పెట్టి పోల్చడం పొరపాటవుతుంది.

గాలిలో లెక్క, గాలికి పోయిన లెక్క

2009లో మొదలైన బిల్‌బోర్డ్ బ్రెజిల్ చార్టుకు ఆధారం క్రౌలీ సంస్థ రేడియో ప్రసారాల మీద ఉంచిన ఎలక్ట్రానిక్ నిఘా. ఎంపిక చేసిన నగరాల స్టేషన్లలో ఏ పాట ఎన్నిసార్లు మోగిందో అది నమోదు చేస్తుంది. మనిషి జ్ఞాపకం మీద, దుకాణదారు మాట మీద ఆధారపడనవసరం లేకపోవడం పెద్ద మెరుగుదల. ఆ చార్టులో తొలి నంబర్ వన్ బియాన్సె పాడిన ‘హేలో’. కొద్దికాలానికే పై వరుసల్లో సెర్తనేజు పాటలు నిండిపోయాయి.

సెర్తనేజు లోతట్టు రాష్ట్రాల పల్లె పాట. జోడీ గాయకులు, గిటార్ల జత, ప్రేమ, ఎడబాటు దాని సామగ్రి. అది నగరాలకు పాకడం కొత్తేమీ కాదు. షితాన్‌జిన్యో, షొరొరో జోడీ 1990లో పాడిన ‘ఎవిడెన్సియాస్’, జెజె డి కమార్గో, లూసియానోల 1991 నాటి ‘ఎ ఓ అమోర్’ అప్పటికే దేశమంతా మోగాయి. చరిత్రకారుడు గుస్తావో అలోన్సో ఈ సంగీతాన్ని బ్రెజిల్ ఆధునికీకరణలో భాగంగా చూడాలని వాదించారు. సోయా, పశువుల వ్యాపారంతో లోతట్టు నగరాలు సంపన్నమయ్యాయి. గోయానియా ఈ పాటల తయారీకి కేంద్రమైంది. కాబట్టి సెర్తనేజు ఆధిక్యం కేవలం కొత్త మీటరు పుట్టించిన భ్రమ అనలేం. పాత లెక్క రెండు మహానగరాల గుమ్మాలు దాటకపోవడం వల్ల ఈ బలం ఆలస్యంగా కనిపించిందా, నిజంగానే అప్పుడే పెరిగిందా? బహుశా రెండూ. ఏది ఎంత అన్నది విడదీయడానికి రెండు కాలాలనూ ఒకే కొలతతో కొలిచిన సమాచారం కావాలి.

రేడియో లెక్కకు ఇంకో మచ్చ ఉంది. పాట వేయడానికి స్టేషన్లకు ముట్టజెప్పే మామూళ్లను బ్రెజిల్‌లో ‘జబా’ అంటారు. దశాబ్దాల పాటు రికార్డు కంపెనీలు నడిపిన ఆంద్రె మిదానీ ఈ అలవాటు గురించి బహిరంగంగానే మాట్లాడారు. ఏ పాటకు ఎంత ముట్టిందో పద్దు దొరకదు. కాబట్టి ఫలానా నంబర్ వన్ జబా వల్లే వచ్చిందని వేలెత్తి చూపడం న్యాయం కాదు. మీటరు మోగిన సార్లను సరిగ్గా లెక్కిస్తుంది, ఎందుకు మోగిందో చెప్పదు. అంతవరకే అనగలం.

మీటరు అసలు వినని పాటలూ ఉన్నాయి. అమెజాన్ ముఖద్వారపు నగరం బెలెమ్‌లో 2000ల్లో టెక్నోబ్రెగా అనే డాన్సు సంగీతం విజృంభించింది. రోనాల్దో లెమోస్, ఓనా కాస్త్రో 2008లో ప్రచురించిన అధ్యయనం దాని వ్యాపారాన్ని వివరించింది. గాయకులు పాటలను సీడీ నకలు తీసేవారికి తామే అందిస్తారు. వీధి వ్యాపారులు చవగ్గా అమ్ముతారు. అపరెల్యాజెమ్ అనే భారీ సౌండ్ సిస్టమ్ పార్టీల్లో పాటకు పేరు వస్తుంది. గాయకులకు రాబడి కచేరీల నుంచి. కంపెనీ దృష్టిలో నకిలీ అయిన సీడీ ఇక్కడ ప్రచార పత్రం. ఈశాన్యంలో ఫొర్రో సంగీత బృందాలూ కచేరీల దగ్గర సీడీలు ఉచితంగా పంచేవి. ఈ సీడీలు అమ్మకాల లెక్కలోకి రావు. పెద్ద నగరాల రేడియోలో మోగకపోతే ప్రసార లెక్కలోకీ రావు. 2012లో గాబి అమరాంతోస్ పాట గ్లోబో సీరియల్ ‘షేయాస్ డి షార్మి’ శీర్షిక గీతమైనప్పుడు దేశం ‘కనిపెట్టిన’ ఈ సంగీతం బెలెమ్ వీధుల్లో ఏళ్ల తరబడి మోగుతూనే ఉంది.

విదేశంలో నెగ్గిన పాట, స్వదేశంలో నెగ్గిన పాట

బయటి ప్రపంచం చూసే బ్రెజిల్ నంబర్ వన్‌లు వేరు. టామ్ జోబిమ్, వినిసియస్ డి మొరాయిస్ 1962లో రూపుదిద్దిన ‘గరోటా డి ఇపనేమా’ 1964లో అమెరికా హాట్ 100లో 5వ స్థానానికి చేరింది, 1965లో గ్రామీ గెలిచింది. అమెరికాలో చిన్న రికార్డుగా విడుదల చేసినప్పుడు జోవావ్ జిల్బెర్తో పోర్చుగీసులో పాడిన భాగం తీసేసి అస్త్రూద్ జిల్బెర్తో ఇంగ్లిష్ భాగం ఉంచారు. అక్కడి చార్టుకెక్కింది ఆ కత్తిరించిన రూపం.

జోర్జి బెన్ 1972లో రికార్డు చేసిన ‘తాజ్ మహల్’ పాట పల్లవి బాణీ 1979లో అమెరికాలో నంబర్ వన్ అయిన రాడ్ స్టూవర్ట్ పాటలో వినిపించింది. వ్యాజ్యం రాజీతో ముగిసింది. రాబడి యునిసెఫ్‌కు వెళ్లింది. తనకు తెలియకుండానే ఆ బాణీ మనసులో నిలిచిపోయిందని స్టూవర్ట్ తర్వాత ఆత్మకథలో ఒప్పుకున్నాడు. ఇక 1989లో యూరప్‌ను ఊపేసిన ‘లంబాడా’ ఫ్రాన్సులో తయారైంది. బాణీ బొలీవియా బృందం లోస్ క్యార్కాస్‌ది. గొంతు బ్రెజిల్ గాయని లోవాల్వా బ్రాజ్‌ది.

2011లో మిషెల్ తెలో పాడిన ‘అయ్ సె ఎవ్ తె పెగో’ది కూడా ఇలాంటి దారే. ఈశాన్యపు స్థానిక బృందాలు ముందే పాడిన ఈ పాట తెలో గొంతులో దేశమంతా పాకింది. క్రిస్టియానో రొనాల్డో గోల్ కొట్టి దానికి చిందేయడంతో యూరప్‌లో అనేక దేశాల చార్టుల్లో మొదటి స్థానానికెక్కింది. పల్లవి తాము కట్టిందని పరైబా రాష్ట్రపు యువతులు కోర్టుకెక్కారు. 1917 నాటి డోంగా తగాదా నుంచి దీని వరకు ఒక వరుస కనిపిస్తుంది. పాట పైకెళ్లాకే అది ఎవరిదన్న ప్రశ్న గట్టిగా లేస్తుంది. చార్టులో కనిపించే ఒక్క పేరు వెనక చాలామంది ఉండే అవకాశాన్ని పరిశోధకులు కొట్టిపారేయకూడదు.

స్ట్రీమింగ్ తెచ్చిన స్పష్టత, కొత్త సందేహాలు

స్పాటిఫై 2014లో బ్రెజిల్‌కు వచ్చింది. దశాబ్దం తిరక్కుండానే మార్కెట్ రూపు మారిపోయింది. రికార్డు కంపెనీల సంఘం ప్రో-ముజికా లెక్కల ప్రకారం 2023లో రికార్డు సంగీత ఆదాయంలో దాదాపు 87 శాతం స్ట్రీమింగ్‌దే. అంతర్జాతీయ సంఘం ఐఎఫ్‌పీఐ లెక్కలో ఆ ఏడాది బ్రెజిల్ ప్రపంచంలో 9వ పెద్ద మార్కెట్‌గా నిలిచింది. బిల్‌బోర్డ్ 2022లో బ్రెజిల్‌కు స్ట్రీమింగ్ ఆధారిత చార్టు మొదలుపెట్టింది, 2023లో బిల్‌బోర్డ్ బ్రెజిల్ వంద పాటల చార్టు కొత్త రూపంలో తిరిగొచ్చింది.

ఈ లెక్కలు కొన్ని పాత ప్రశ్నలను తేల్చాయి. సెర్తనేజు బలం రేడియో మామూళ్ల చలవే అన్న అనుమానం నిలవలేదు. స్పాటిఫై బ్రెజిల్‌లో 2021లో అత్యధికంగా విన్న పాట సెర్తనేజు జోడీ ఇజ్రాయెల్, రొడోల్ఫో పాడిన ‘బాతోమ్ డి సెరెజా’. 2023లో ‘లెయావ్’. రాపర్ షమా 2020 ఆల్బమ్‌లోని ఈ పాటలో సెర్తనేజు గాయని మరిలియా మెండోన్సా గొంతు కలిపింది. 2021 నవంబరులో విమాన ప్రమాదంలో 26 ఏళ్లకే ఆమె చనిపోయాక ఆమె సొంతంగా పాడిన రూపం విడుదలై అగ్రస్థానానికి చేరింది. 2020 ఏప్రిల్‌లో కొవిడ్ నిర్బంధంలో ఆమె ఇంటి నుంచి ఇచ్చిన యూట్యూబ్ కచేరీని ఒకే సమయంలో 33 లక్షల మందికి పైగా చూశారు. పాటలను ఎవరి బలవంతమూ లేకుండా వెతుక్కుని వినే చోట కూడా ఈ సంగీతం ముందుంది.

పేటల ఫంక్ సంగీతానికీ ఇదే మేలు జరిగింది. పెద్ద రేడియోలు చాలాకాలం ఆమడ దూరంలో పెట్టిన ఈ సంగీతం కోండ్‌జిల్లా యూట్యూబ్ చానల్ ద్వారా దేశమంతా చేరింది. ఎంసీ ఫియోతి 2017 పాట ‘బుం బుం తాం తాం’ బాక్ స్వరపరిచిన వేణువు సంగీతపు తునక మీద కట్టినది. యూట్యూబ్‌లో 100 కోట్ల వీక్షణలు దాటిన తొలి బ్రెజిల్ మ్యూజిక్ వీడియో అదే. 2021లో అదే పాటను ఫియోతి బుతాంతాన్ సంస్థ కొవిడ్ టీకా కోసం మార్చి పాడాడు.

కానీ బయటి ఊపు ఇక్కడా ఉంది. ‘బాతోమ్ డి సెరెజా’ పైకెళ్లిన సమయంలో రొడోల్ఫో ‘బిగ్ బ్రదర్ బ్రెజిల్’ షోలో ఉన్నాడు. సోమ్ లివ్రి రోజుల్లో సీరియల్ చేసిన పని ఇక్కడ రియాలిటీ షో చేసింది. 2022 మార్చిలో గాయని అనిట్టా స్పానిష్‌లో పాడిన ‘ఎన్వోల్వెర్’ స్పాటిఫై ప్రపంచ రోజువారీ జాబితాలో మొదటి స్థానానికి చేరింది. బ్రెజిల్ కళాకారులెవరూ అంతకు ముందు అక్కడికి చేరలేదు. ఆ వినికిడిలో పెద్ద వాటా బ్రెజిల్‌దేనని, అభిమానులు కూడబలుక్కుని ప్లేలిస్టులు నడిపారని వార్తలొచ్చాయి. టిక్‌టాక్‌లో ఆ పాట నాట్యం చేసినవారు లక్షల్లో ఉన్నారన్నదీ నిజమే. రెండింటిలో ఏదో ఒకటే కారణమని చెప్పడానికి ఆధారం చాలదు. అభిమానుల సైన్యం కూపన్లు కొన్న 1949 నుంచి స్క్రీన్ మీద వేలు నొక్కే 2022 వరకు కూడగట్టిన ఆదరణ చార్టులో భాగంగానే ఉంటూ వచ్చింది.

వారం లెక్క పట్టుకోలేని మరో గుణం మన్నిక. హక్కుల రుసుము వసూలు చేసే ఎకాడ్ సంస్థ కార్నివాల్ రోజుల్లో ఎక్కువగా వినిపించిన పాటల జాబితాలు ప్రకటిస్తుంది. 1937 నాటి ‘మమాయ్ ఎవ్ కేరో’, 1964 నాటి ‘కబెలేరా దో జెజె’ వంటి పాత కార్నివాల్ మార్చ్ పాటలు వాటిలో మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ‘ఎవిడెన్సియాస్’ను ఇవాళ బ్రెజిల్‌లో కరావోకే రాత్రుల జాతీయ గీతంలా పాడుకుంటారు. ఒక వారం అగ్రస్థానంలో నిలిచి మాయమయ్యే పాటనూ, మూడు తరాలు నోటికి పట్టిన పాటనూ ఒకే వరుసలో పెట్టి తూచే చార్టు ఇంతవరకు లేదు.

తేలిన విషయాలు

పై ఆధారాల నుంచి మూడు మాటలు నమ్మకంగా చెప్పవచ్చు. మొదటిది, బ్రెజిల్‌లో ఎక్కువమంది విన్న పాటకూ, ప్రపంచం బ్రెజిల్ పాటగా ఎరిగినదానికీ మధ్య దూరం 1960ల నుంచి ఉంది. రెండోది, లెక్క రెండు నగరాల దుకాణాల నుంచి పలు నగరాల రేడియోకు, అక్కడి నుంచి ఫోన్లకు విస్తరించిన ప్రతిసారీ అంతకు ముందు కనపడని పేద, గ్రామీణ, పేటల శ్రోతలు లెక్కలోకి వచ్చారు. మూడోది, ఏ సాధనమూ డబ్బు, టీవీ, ప్రభుత్వం, అభిమాన సంఘాల ఒత్తిడికి అతీతంగా లేదు.

చెప్పకూడనిది కూడా ఉంది. 2009కి ముందు ఏ పాటనైనా ‘ఆ ఏడాది బ్రెజిల్ నంబర్ వన్’ అని ఒక్క ముక్కలో రాయడానికి ఉన్న ఆధారాలు చాలవు. రియో, సావో పాలో దుకాణాల్లో ఎక్కువగా అమ్ముడైనది, ఆ ఏడాది కార్నివాల్‌లో వినిపించినది, నిపుణులు విజయంగా ఎంచినది అని విడివిడిగా రాయాలి. 2009 తర్వాత కూడా అది రేడియో లెక్కా, స్ట్రీమింగ్ లెక్కా అన్నది పాట పేరు పక్కనే ఉండాలి. ఆ చిన్న వివరం లేని జాబితాను పరిశోధనకు ఆధారంగా తీసుకోకపోవడమే మేలు.